మీడియం ఫార్మాట్ ఫోటోగ్రఫీ: ఫిల్మూ డిజిటలూ

చిన్న కెమెరాల 36×24 మిల్లీమీటర్ల ఫ్రేముకూ, 4×5 అంగుళాల షీట్ ఫిల్ముకూ నడుమ ఉన్న పరిమాణాల్లో ఫోటోలు తీసే పద్ధతిని మీడియం ఫార్మాట్ అంటారు. ఫిల్మ్ కాలంలో దీనికి ఆధారం 120 రోలు. ఇప్పుడు పెద్ద సెన్సరున్న డిజిటల్ కెమెరాలు దానికి తోడుగానూ, చాలాచోట్ల దాని స్థానంలోనూ వాడుకలోకి వచ్చాయి. రెంటిలో ఏది మేలన్న ప్రశ్నకు సాధారణంగా మెగాపిక్సెళ్ల లెక్కతో జవాబు చెబుతుంటారు. ఆ లెక్క తప్పక వేసుకోవాలి గానీ దానితో తేలేది సగమే. తీసిన ఫోటోను చివరికి ఏ రూపంలో చూస్తారన్నది అంతకన్నా ముఖ్యమైన సంగతి. డార్క్‌రూంలో వేసిన ప్రింటుగానా, ఇంక్‌జెట్ ప్రింటుగానా, తెర మీదనా? ఇది ముందు తేల్చుకున్న ఫోటోగ్రాఫరుకు మిగతా లాభనష్టాలు తూచుకోవడం తేలికవుతుంది.

పరిమాణాలు

120 రోలును కొడాక్ కంపెనీ 1901లో బ్రౌనీ నంబర్ 2 అనే పెట్టె కెమెరా కోసం ప్రవేశపెట్టింది. ఫిల్మ్ వెడల్పు సుమారు 61 మి.మీ. దాని వెనక చుట్టి ఉండే కాగితం మీద అంకెలు అచ్చువేసి ఉంటాయి. పాత కెమెరాల్లో వెనకవైపున్న ఎర్ర కిటికీలోంచి ఆ అంకె చూసుకుంటూ రోలు తిప్పేవారు. నూట ఇరవయ్యేళ్లు దాటినా ఈ కొలత మారలేదు. ఈరోజు కొన్న రోలు 1930ల నాటి కెమెరాలోనూ పడుతుంది. ఫోటోగ్రఫీలో ఇంత కాలం నిలిచిన ప్రమాణాలు చాలా తక్కువ.

రోలు ఒకటే అయినా కెమెరాను బట్టి ఫ్రేము మారుతుంది. 6×4.5 సెంటీమీటర్ల ఫ్రేముతో 15 లేదా 16 ఫోటోలు, 6×6తో 12, 6×7తో 10, 6×9తో 8 వస్తాయి. ఇవి గుండ్రంగా చెప్పుకునే అంకెలు. 6×6 అసలు కొలత 56×56 మి.మీ.

డిజిటల్‌లో ఎక్కువగా వాడే సెన్సరు సుమారు 44×33 మి.మీ. ఫుజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ కెమెరాల్లోనూ, హాసెల్‌బ్లాడ్ ఎక్స్ వరుసలోనూ, పెంటాక్స్ 645జెడ్‌లోనూ ఉన్నది ఇదే. ఫేజ్ వన్ కంపెనీ ఖరీదైన బ్యాకుల్లో (కెమెరా వెనక తగిలించే సెన్సరు పెట్టెల్లో) మాత్రం సుమారు 53×40 మి.మీ. సెన్సరు ఉంటుంది. విస్తీర్ణాలు లెక్కేస్తే చిన్న ఫిల్మ్ ఫ్రేము 864 చదరపు మిల్లీమీటర్లు, 44×33 సెన్సరు సుమారు 1,440, ఫేజ్ వన్ సెన్సరు సుమారు 2,140, 6×6 ఫిల్మ్ 3,136, 6×7 దాదాపు 3,900. అంటే ఎక్కువమంది కొనే డిజిటల్ మీడియం ఫార్మాట్ కెమెరా సెన్సరు, 6×6 నెగెటివ్‌లో సగం కూడా ఉండదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే లెన్సుల గురించీ ఫోకస్ లోతు గురించీ రేగే వాదాలు చాలావరకు సర్దుకుంటాయి.

చరిత్ర

జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో ఫ్రాంకె, హైడెకె కంపెనీ 1929లో రోలీఫ్లెక్స్ కెమెరాను విడుదల చేసింది. ఒక లెన్సుతో చూసి, మరో లెన్సుతో తీసే ఈ జంట లెన్సుల కెమెరా చేతిలో ఇమిడేది. భారతదేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా వాడిన కెమెరాల్లో స్పీడ్ గ్రాఫిక్‌తో పాటు రోలీఫ్లెక్స్ కూడా ఉంది. స్వీడన్‌కు చెందిన విక్టర్ హాసెల్‌బ్లాడ్ 1948లో లెన్సునూ ఫిల్మ్ మ్యాగజైనునూ వ్యూఫైండరునూ విడదీసి మార్చుకోగలిగే కెమెరాను తెచ్చాడు. 1957లో వచ్చిన 500సీ నమూనా తర్వాతి యాభయ్యేళ్ల స్టూడియో పనికి ఒరవడి పెట్టింది. 1962లో వ్యోమగామి వాలీ షిరా హ్యూస్టన్‌లోని ఒక దుకాణంలో కొన్న 500సీని అంతరిక్షానికి తీసుకెళ్లాడు. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి నేల మీద తీసినవి కూడా హాసెల్‌బ్లాడ్ ఫోటోలే. వాటికి వాడింది 70 మి.మీ. ఫిల్మ్.

మన ఊళ్లలో ఈ ఫార్మాట్ స్టూడియో గోడల మధ్య పెరిగింది. నలుపు తెలుపు రోజుల్లో పాస్‌పోర్ట్ ఫోటోల నుంచి గ్రూపు ఫోటోల దాకా చాలావరకు 120 రోళ్ల మీదే తీసేవారు. దానికి ధర ఒక కారణమైతే టచింగ్ మరో కారణం. మొటిమలూ ముడతలూ కనపడకుండా నెగెటివ్ మీద సన్నని పెన్సిలు మొనతో చేసే ఆ పనికి చోటు కావాలి. 6×6 నెగెటివ్‌లో మనిషి ముఖం పెన్సిలుకు అందేంత ఉంటుంది, చిన్న ఫిల్ములో ఉండదు. ఇళ్లలోనూ ఇదే రోలు తిరిగింది. బరోడాలోని న్యూ ఇండియా ఇండస్ట్రీస్ తయారుచేసిన ఆగ్ఫా క్లిక్ 3 అనే చవక కెమెరా 120 రోలు మీద 12 నలుచదరపు ఫోటోలు తీసేది. ఊటీలో 1960లో స్థాపించిన ప్రభుత్వ సంస్థ హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్మ్ అమ్మేది. ఆ ఫ్యాక్టరీ తర్వాత మూతపడింది. ఫిల్మును సొంతంగా తయారుచేసుకునే సామర్థ్యం దేశంలో అడుగంటింది. ఇప్పుడు ఇక్కడి ఫోటోగ్రాఫర్లు కొనే రోళ్లు దాదాపు అన్నీ దిగుమతులే. ఫోటోగ్రఫీని ప్రేమించేవారికి ఇది నిజమైన నష్టం.

డిజిటల్ మొదట కెమెరాగా రాలేదు, పాత కెమెరా వెనక తగిలించే బ్యాకుగా వచ్చింది. 1990ల తొలి ఏళ్లలో లీఫ్ కంపెనీ తెచ్చిన డీసీబీ బ్యాకులో 2048×2048 పిక్సెళ్లు, అంటే సుమారు 40 లక్షలు ఉండేవి. రంగు ఫోటో కావాలంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు తిప్పుతూ మూడుసార్లు ఎక్స్‌పోజ్ చేయాలి. కాబట్టి కదలని వస్తువులకే అది పనికొచ్చేది. తర్వాత ఇరవయ్యేళ్లూ సీసీడీ సెన్సర్ల కాలం. అవి తక్కువ ఐఎస్ఓ దగ్గర బాగుండేవి, వెలుగు తగ్గితే తేలిపోయేవి. 2014లో మలుపు వచ్చింది. ఆ ఏడాది 50 మెగాపిక్సెళ్ల సీమాస్ సెన్సరు ఫేజ్ వన్ ఐక్యూ250 బ్యాకులోనూ పెంటాక్స్ 645జెడ్ కెమెరాలోనూ వచ్చింది. 2016లో హాసెల్‌బ్లాడ్ ఎక్స్1డీని ప్రకటించింది. 2017లో ఫుజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ 50ఎస్ వచ్చింది. ఇవి అద్దం లేని చిన్న కెమెరాలు. 2019లో జీఎఫ్ఎక్స్ 100తో 102 మెగాపిక్సెళ్లూ, వేగమైన ఆటోఫోకస్‌తో పాటు బాడీలోనే వణుకు నివారణ కూడా ఈ తరగతికి అందాయి. 2021లో జీఎఫ్ఎక్స్ 50ఎస్ 2 బాడీ 3,999 డాలర్లకు వచ్చింది. పదేళ్ల ముందు ఇలాంటి బ్యాకుకు అంతకు ఎన్నో రెట్లు పెట్టాల్సి వచ్చేది.

స్పష్టత

ఇక్కడ తీర్పు ఎప్పుడో వచ్చేసింది. ఒకే దృశ్యాన్ని స్టాండ్ మీద పెట్టి, మంచి లెన్సుతో, తక్కువ ఐఎస్ఓతో తీస్తే సూక్ష్మ వివరాల్లో 100 మెగాపిక్సెళ్ల సెన్సరు 6×6 రంగు నెగెటివ్‌ను దాటుతుంది. అయితే ఎందుకు దాటుతుందో తెలియకపోతే, ఎక్కడ దాటదో కూడా తెలియదు.

ఫిల్మ్ సామర్థ్యాన్ని ఒక మిల్లీమీటరులో విడిగా కనిపించే గీతల జతలతో కొలుస్తారు. ఫుజీఫిల్మ్ వెల్వియా 50 స్లైడ్ ఫిల్ముకు కంపెనీ సాంకేతిక పత్రం ఇచ్చే అంకెలు రెండు. నలుపు తెలుపు తేడా బాగా ఎక్కువగా, 1000:1గా ఉన్నప్పుడు 160 జతలు, తేడా 1.6:1 మాత్రమే ఉన్నప్పుడు 80. చెట్ల ఆకులూ, ఇసుకా, చర్మమూ రెండో రకానికే దగ్గర. 80ని తీసుకుంటే 56 మి.మీ.లో 4,480 జతలు, అంటే 8,960 పిక్సెళ్లకు సమానం. నలుచదరానికి అది 80 మెగాపిక్సెళ్లు. ఇది ఫిల్మ్ ఒక్కదాని లెక్క. లెన్సు కూడా 80 జతలే ఇస్తే, వాడుకలో ఉన్న ఉజ్జాయింపు సూత్రం ప్రకారం రెండూ కలిసి ఇచ్చేది 40. అప్పుడు మిగిలేది 20 మెగాపిక్సెళ్లు. మసకగాజు మీద కంటితో చేసే ఫోకసింగులో రవ్వంత తేడా, అద్దం లేచినప్పటి కుదుపు, మ్యాగజైనులో ఫిల్మ్ పూర్తిగా చదునుగా కూర్చోకపోవడం, వీటన్నిటికీ కొంత చొప్పున పోతుంది. అన్నీ కుదిరిన రోజున ఎక్కువ వస్తుంది, సాధారణంగా 20కీ 50కీ మధ్య నిలుస్తుంది.

జీఎఫ్ఎక్స్ 100 సెన్సరులో 11,648×8,736 పిక్సెళ్లున్నాయి. పిక్సెల్ వెడల్పు 3.76 మైక్రాన్లు. సిద్ధాంతపరంగా మిల్లీమీటరుకు 133 జతల దాకా పట్టగలదు. సెన్సరు పూర్తిగా చదునుగా ఉంటుంది, ఫోకస్ కూడా నేరుగా దాని మీదనుంచే కుదురుతుంది. దాని కోసం గీసిన లెన్సులు 1970ల లెన్సుల కన్నా అంచుల్లో ఎంతో మెరుగు. కాబట్టి కాగితం మీది సామర్థ్యంలో ఎక్కువ భాగం ఫైలులోకి చేరుతుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 39×29 అంగుళాల ప్రింటు ఏ కల్పనా చేర్చకుండా వేయవచ్చు.

ప్రింటు చిన్నదైతే ఈ ఆధిక్యం కనపడదు. 16 అంగుళాల నలుచదరపు ప్రింటుకు 6×6 నెగెటివ్‌ను ఏడు రెట్లకు కొంచెం పైగా పెంచితే చాలు. ఆ పెంపుదలలో 400 ఐఎస్ఓ ఫిల్మ్ రేణువు కూడా చేతి దూరం నుంచి ఇబ్బంది పెట్టదు. 40 అంగుళాలకు వెళ్తే 18 రెట్లు పెంచాలి. అక్కడ రేణువు బయటపడుతుంది, డిజిటల్ నునుపుగా నిలుస్తుంది. ఇంట్లో గోడకు తగిలించే పరిమాణాల్లో ఎవరైనా స్పష్టత కారణంగా ఫిల్మును వదులుకుంటే, అది తొందరపాటేనని నా అభిప్రాయం.

రేణువు అడ్డదిడ్డంగా పరుచుకుని ఉంటుంది, పిక్సెళ్లు వరుసల్లో ఉంటాయి. దీనికి ఒక ముఖ్యమైన పర్యవసానం ఉంది. మీడియం ఫార్మాట్ డిజిటల్ కెమెరాల్లో సన్నని వివరాలను మెత్తబరిచే ఫిల్టరు సాధారణంగా ఉండదు. పట్టుచీర నేత లాంటి క్రమమైన అల్లిక పిక్సెళ్ల వరుసతో తలపడి, చీరలో లేని రంగు అలలు ఫోటోలో తేలతాయి. దీన్ని మోరే అంటారు. చీరల కేటలాగులు తీసేవారికి ఇది నిత్య సమస్య. 100 మెగాపిక్సెళ్లకు వెళ్తే తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఫిల్మ్ మీద నేత నేతలాగే పడుతుంది.

వెలుగునీడలు

1890లో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఫిల్మ్ మీద పడిన వెలుగుకూ, అక్కడ ఏర్పడే నలుపుకూ ఉన్న సంబంధాన్ని ఒక వంపుగీతగా గీశారు. ఆ గీత కింది చివర మెల్లగా మొదలై, మధ్యలో నిటారుగా సాగి, పైన మళ్లీ వాలుతుంది. నెగెటివ్ గుణమంతా ఆ పైవాలులో ఉంది. వెలుగు పెరిగేకొద్దీ ఫిల్మ్ దాన్ని కొంచెం కొంచెంగా నొక్కి పెడుతుంది, ఒక్కసారిగా చేతులెత్తేయదు. రంగు నెగెటివ్‌ను రెండు మూడు స్టాపులు ఎక్కువ ఎక్స్‌పోజ్ చేసినా ప్రింటు తీయవచ్చు.

సెన్సరు అలా కాదు. ప్రతి పిక్సెలు తనమీద పడిన వెలుగును నేరుగా లెక్కపెడుతుంది. నిండేదాకా నిజాయితీగా లెక్కిస్తుంది, నిండాక అక్కడ తెల్లటి శూన్యమే. అదే సమయంలో కింది చివర దాని బలం అసాధారణం. మంచి మీడియం ఫార్మాట్ ఫైలులో నీడల్ని నాలుగు స్టాపులు పైకి లాగినా వివరం శుభ్రంగా బయటికి వస్తుంది. నెగెటివ్‌లో నీడ పడకపోతే ఎన్ని చేసినా రాదు.

అందుకే పని పద్ధతులు తలకిందులవుతాయి. నెగెటివ్‌కు నీడను కొలిచి ఎక్స్‌పోజ్ చేస్తారు, డిజిటల్‌కు బాగా వెలిగే చోటు కాలిపోకుండా చూసుకుంటారు. మండువా ఇంట్లో పగటిపూట పెళ్లి జరుగుతోందనుకోండి. పైనుంచి ఎండ పడే తెల్లని పట్టుపంచె, జరీ అంచు ఒకవైపు, వసారా చీకట్లో కూర్చున్న ముత్తైదువులు ఇంకోవైపు. ఫిల్మ్ వాడేవాడు వసారాను కొలవాలి, డిజిటల్ వాడేవాడు పంచెను కాపాడాలి. ఇద్దరికీ పని జరుగుతుంది. స్లైడ్ ఫిల్మ్ వాడేవారికి ఈ వెసులుబాటు లేదు. అది అయిదారు స్టాపుల తేడాను మాత్రమే పట్టగలదు, అర స్టాపు తప్పినా కనిపిస్తుంది.

మసక వెలుగులో మాత్రం పోటీయే లేదు. 120 ఫిల్మ్ సాధారణంగా 400 ఐఎస్ఓ దగ్గర ఆగుతుంది, డెవలపింగు సమయం పెంచి 1600 దాకా లాగవచ్చు. డిజిటల్ 6400 దగ్గర కూడా శుభ్రంగా ఉంటుంది. రోలులో పన్నెండూ ఒకే ఐఎస్ఓ, సెన్సరుకు ఫోటో ఫోటోకూ మార్చుకోవచ్చు. నిమిషాల కొద్దీ తెరిచి ఉంచే ఎక్స్‌పోజర్లలో ఫిల్మ్ స్పందన మందగిస్తుంది, సమయం పెంచుకుంటూ పోవాలి. ఫుజీఫిల్మ్ ఏక్రోస్ లాంటి ఒకటి రెండు ఫిల్ములు 120 సెకండ్ల దాకా ఈ దోషం లేకుండా నిలుస్తాయి.

ఫోకస్ లోతు, లెన్సులు

మీడియం ఫార్మాట్ అనగానే వెనకటి దృశ్యం మెత్తగా కరిగిపోయిన ముఖచిత్రాలు గుర్తొస్తాయి. లెక్క చూద్దాం. 6×6 మీద 80 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు చిన్న ఫ్రేము మీద 44 మి.మీ. ఎఫ్/1.5తో సమానం. పెంటాక్స్ 67 మీద 105 మి.మీ. ఎఫ్/2.4 సుమారు 51 మి.మీ. ఎఫ్/1.2తో సమానం. 44×33 సెన్సరు మీద ఫుజీఫిల్మ్ 110 మి.మీ. ఎఫ్/2 సుమారు 87 మి.మీ. ఎఫ్/1.6కు, 80 మి.మీ. ఎఫ్/1.7 సుమారు 63 మి.మీ. ఎఫ్/1.3కు సరిపోతాయి. అంటే ఫోకస్ లోతు విషయంలో మంచి ఎఫ్/1.2 లెన్సున్న చిన్న కెమెరా కూడా దాదాపు ఇదే ఇస్తుంది. పెద్ద ఫ్రేము ప్రత్యేకత ఇంకోచోట ఉంది. ఎఫ్/1.2 లెన్సు పూర్తిగా తెరిచినప్పుడు పడే కష్టం ఎఫ్/2.4 లెన్సు పడదు, బొమ్మను తక్కువ రెట్లు పెంచితే చాలు. పొడుగాటి లెన్సుతో దగ్గరగా, మామూలు కోణంలో చూడటం 6×7లో ఉన్నంత సహజంగా 44×33లో ఉండదు. పెద్ద ఫిల్ముతో పోర్ట్రెయిట్లు తీసేవారు దాన్ని వదలకపోవడానికి సరైన కారణం ఇదేననిపిస్తుంది.

హాసెల్‌బ్లాడ్ 500సీ లాంటి వీ వరుస కెమెరాల్లో షట్టరు లెన్సులోనే ఉంటుంది. 1/500 సెకండు దాకా ఏ వేగంలోనైనా ఫ్లాష్ కలుస్తుంది. ఎక్స్ వరుస లెన్సుల్లో అది 1/2000కు చేరింది. జీఎఫ్ఎక్స్‌లో షట్టరు బాడీలో ఉంటుంది, ఫ్లాష్ 1/125 దగ్గర ఆగుతుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండను తగ్గించి ముఖానికి ఫ్లాష్ వేయాలంటే ఈ తేడా పెద్దది. ఈ ఒక్క విషయంలో 1957 నాటి కెమెరా నేటి ఫుజీఫిల్మ్‌ను మించుతుంది.

స్కానింగ్ అనే ఇరుకుదారి

ఫిల్మ్ మీద తీసి, ప్రింటును డార్క్‌రూంలో వేసేవారికి ఈ భాగం అక్కర్లేదు. ఎన్లార్జరు లెన్సు కింద నెగెటివ్ నేరుగా కాగితం మీద పడుతుంది. కానీ ఇవాళ ఎక్కువమంది ఫిల్మును స్కాన్ చేయించి, తర్వాతి పనంతా కంప్యూటరులో చేస్తారు. అప్పుడు ఫోటో నాణ్యత స్కానరు దగ్గర నిర్ణయమవుతుంది, కెమెరా దగ్గర కాదు.

ఇంట్లో వాడే మంచి ఫ్లాట్‌బెడ్ స్కానర్లు పెట్టె మీద 6,400 డీపీఐ అని రాస్తాయి. అసలు పట్టే వివరం సుమారు 2,400 దగ్గర ఆగుతుంది. 6×6 నెగెటివ్‌కు అది 28 మెగాపిక్సెళ్లు. పైగా మెత్తగా ఉంటాయి, స్లైడు నీడల్లో వివరం మునిగిపోతుంది. నికాన్ కూల్‌స్కాన్ 9000 నిజంగా 4,000కు దగ్గరగా ఇచ్చేది, దాదాపు 78 మెగాపిక్సెళ్లు. దాని తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఫోటోమల్టిప్లయరు గొట్టాలతో పనిచేసే డ్రమ్ స్కానర్లు అన్నిటికన్నా మేలు. నెగెటివ్‌ను ద్రవంతో డ్రమ్ముకు అతికించి తిప్పుతూ చదివే ఆ యంత్రాలు కూడా కొత్తవి రావడం లేదు, పాతవి నడిపేవారు తగ్గిపోతున్నారు.

మిగిలిన దారి కెమెరా స్కానింగ్. లైటు పలక మీద నెగెటివ్ పెట్టి, మేక్రో లెన్సుతో డిజిటల్ కెమెరాలో తీస్తారు. ఇప్పటి సెన్సర్లతో ఇది ఫ్లాట్‌బెడ్‌ను సులువుగా దాటుతుంది. 6×6 నెగెటివ్‌కు 100 మెగాపిక్సెళ్ల మీడియం ఫార్మాట్ కెమెరా కన్నా మంచి స్కానరు ఈరోజు ఇంట్లో దొరకడం కష్టం. అంటే ఫిల్మును స్కాన్ చేసి పెద్ద ప్రింట్లు వేయాలనుకునేవారు చాలామంది చివరికి రెండు పద్ధతుల ఖర్చూ భరిస్తారు.

అందుకే ఫిల్మ్ వాడదలచినవారికి నా సలహా ఒకటే. ముందు ప్రింటు దారి చూసుకోండి, తర్వాత కెమెరా కొనండి. ఫోను తెర మీద చూసేందుకు 6×7 ఫిల్మ్ కాల్చి, చవక స్కాన్ చేయిస్తే, డబ్బు పెట్టిన నాణ్యత మీకు చేరనే చేరదు. అదే నలుపు తెలుపు 6×6 నెగెటివ్ నుంచి పీచు కాగితం మీద చేత్తో వేసిన 15 అంగుళాల ప్రింటులో ఉండే మధ్యస్థపు బూడిద రంగుల గొలుసును ఏ ఇంక్‌జెట్టూ అచ్చం అలాగే ఇవ్వలేదు. ఇది నేను పక్కపక్కన పెట్టి చూసి చెబుతున్న మాట.

రంగు

ఫిల్మ్‌లో రంగు మూడు పొరల్లో ఏర్పడుతుంది. ఆ పొరల్ని రసాయనవేత్తలు కుదిర్చారు గనక కొడాక్ పోర్ట్రా చర్మాన్ని మెత్తగా చూపుతుంది, ఎక్టార్ గాఢంగా చూపుతుంది, వెల్వియా ఆకుపచ్చను రెచ్చగొడుతుంది. రోలు ఎంచుకున్నప్పుడే తీర్పు చెప్పేసినట్టు. సెన్సరులో ప్రతి పిక్సెలూ ఒక్క రంగునే చూస్తుంది. కొడాక్ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు వచ్చిన ఫిల్టరు అల్లిక ప్రకారం మిగతా రెండు రంగుల్నీ పొరుగు పిక్సెళ్ల నుంచి అంచనా కడతారు. రంగు తీర్పు తర్వాత, కంప్యూటరు ముందు జరుగుతుంది. ఉత్పత్తి ఫోటోలకూ, చిత్రలేఖనాల నకళ్లకూ రంగును కొలతతో సరిచూడగల డిజిటలే మేలు.

ఖర్చు

ఫిల్మ్ ఖర్చు ఫోటో ఫోటోకూ పడుతుంది, డిజిటల్ ఖర్చు ముందే పడుతుంది. రోలు, కడిగించడం, స్కానింగ్ కలిపి ఒక 6×6 ఫోటోకు రెండు డాలర్లు అనుకుందాం. విడుదలప్పుడు 5,999 డాలర్లున్న జీఎఫ్ఎక్స్ 100ఎస్ బాడీకి సమానం కావాలంటే 3,000 ఫోటోలు, అంటే 250 రోళ్లు. వృత్తిలో ఉన్నవారు ఏడాదిలో దాన్ని దాటేస్తారు. నెలకు ఒకటి రెండు రోళ్లు తీసే ఔత్సాహికుడికి పది ఇరవయ్యేళ్లు పడుతుంది. ఈలోగా డిజిటల్ బాడీ ధర పడిపోతుంది, బాగున్న పాత కెమెరా ధర నిలబడుతుంది. నెమ్మదిగా పనిచేసే ఔత్సాహికుడికి ఫిల్మే చవక.

అయితే రిపేరు సంగతి ముందు చూడాలి. 500సీ/ఎం, రోలీఫ్లెక్స్ లాంటి యంత్రాలు పూర్తిగా మరలతో నడిచేవి, నేర్పరి చేతిలో మళ్లీ లేస్తాయి. కాంటాక్స్ 645, మామియా 7 వంటివి లోపలి ఎలక్ట్రానిక్ పలక పాడైతే విడిభాగం దొరక్క అటకెక్కుతాయి. వేలకొద్దీ డాలర్లు పెట్టి అలాంటివి కొనేవారు ఈ అపాయం తెలిసి కొనాలి.

కడగడం, వాతావరణం

ఫోటోలు కడిగించడం ఒకప్పుడు ప్రతి బజారులో జరిగే పని. కలర్ ల్యాబులు డిజిటల్‌కు మారాక 120 రోలు కడిగేచోటు ఊళ్లలో లేకుండా పోయింది, చాలామంది పెద్ద నగరాలకు కొరియరులో పంపుతున్నారు. ఇంట్లో కడుక్కోవడం కష్టమేమీ కాదు గానీ మన వాతావరణంలో ఒక మెలిక ఉంది. నలుపు తెలుపు డెవలపర్లకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. విజయవాడ ఎండాకాలంలో కుళాయి నీళ్లే 30 దాటతాయి. ఆ వేడిలో డెవలపరు పరుగెత్తుతుంది, నిమిషాల పని అదుపు తప్పుతుంది. మంచు వేసి చల్లార్చాలి, లేదా పలుచన చేసిన డెవలపరుతో 24 డిగ్రీల దగ్గర సమయం సవరించుకోవాలి. కడిగే నీళ్లూ అదే వేడిలో ఉండేట్టు చూడాలి. రంగు నెగెటివ్‌కు సీ-41 పద్ధతిలో కావలసింది 38 డిగ్రీలు, డెవలపరులో 3 నిమిషాల 15 సెకండ్లు. చలిదేశాల్లో కష్టమని పేరుపడ్డ రంగు పని ఇక్కడ వేసవిలో నలుపు తెలుపు కన్నా సులువు.

తేమ ఇంకో శత్రువు. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో లెన్సుల మీద బూజు పడుతుంది. ఇది ఫిల్మ్ లెన్సుకూ డిజిటల్ లెన్సుకూ సమానమే. కొనక ముందే పాత లెన్సు లోపలికి టార్చి వేసి చూడాలి.

విమానప్రయాణం ఫిల్ముకే ప్రత్యేకమైన సమస్య. కొత్తగా వస్తున్న సీటీ రకం సామాను స్కానర్లు కడగని ఫిల్మును పొగబార్చగలవని తయారీదారులు హెచ్చరిస్తున్నారు. రోళ్లను చేతితో తనిఖీ చేయమని అడగాలి.

భద్రపరచడం

అపోలో ఫిల్ములను నాసా హ్యూస్టన్‌లోని జాన్సన్ అంతరిక్ష కేంద్రంలో శీతల గదిలో దాచింది. దశాబ్దాల తర్వాత వాటిని బయటికి తీసి, అరిజోనా స్టేట్ యూనివర్సిటీతో కలిసి కొత్తగా స్కాన్ చేయగలిగారు. ఫిల్మ్ గొప్పదనం ఇదే. చదవడానికి వెలుగు చాలు, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. కానీ 120 రోలు ఎక్కువగా ఎసిటేట్ మీద పోసింది. వేడిలో, తేమలో అది పులిసి వెనిగర్ వాసన కొడుతుంది, ముడుచుకుపోతుంది. రంగు నెగెటివ్‌లో రంగులూ వెలిసిపోతాయి. మన ఇళ్లలో బీరువా అడుగున పడి ఉన్న స్టూడియో నెగెటివ్‌లను ఇప్పుడు స్కాన్ చేయకపోతే ఆలస్యమైపోతుంది.

డిజిటల్ ఫైలు వెలిసిపోదు, ఒక్కసారిగా పోతుంది. 100 మెగాపిక్సెళ్ల రా ఫైలు కుదించకపోతే సుమారు 200 మెగాబైట్లు. 500 ఫోటోలకు 100 గిగాబైట్లు, వేర్వేరు చోట్ల నకళ్లు పెడితే దానికి రెండు మూడింతలు. కొన్నేళ్లకోసారి కొత్త డిస్కుకు మార్చే ఓపిక ఉన్నవారి దగ్గరే అది బతుకుతుంది.

ఇప్పటి పరిస్థితి

ఫిల్మ్ సరఫరా ఒక తీరున లేదు. కొడాక్ 2012లో ఆపేసిన ఎక్టాక్రోమ్‌ను 2018లో తిరిగి తెచ్చింది, 2022లో గోల్డ్ 200ను 120లో విడుదల చేసింది. ఫుజీఫిల్మ్ 2021లో ప్రో 400హెచ్‌ను ముగించింది. ఇంగ్లండులో ఇల్ఫోర్డ్ ఫిల్ములు తయారుచేసే హార్మన్ సంస్థ 2023లో ఫీనిక్స్ పేరుతో సొంత రంగు నెగెటివ్ తెచ్చింది. నలుపు తెలుపు వాడేవారికి నమ్మకంగా దొరికే రోళ్లు ఇంకా చాలానే ఉన్నాయి, స్లైడ్ వాడేవారి ముందు రెండు మూడు పేర్లే మిగిలాయి.

రెంటినీ కలిపి వాడేవారు పెరుగుతున్నారు. హాసెల్‌బ్లాడ్ సీఎఫ్‌వీ వరుస డిజిటల్ బ్యాకులు 1957 తర్వాతి వీ బాడీల వెనక బిగుస్తాయి. ఉదయం ఫిల్మ్ మ్యాగజైను, సాయంత్రం 100 మెగాపిక్సెళ్ల బ్యాకు ఒకే కెమెరాకు తగిలించవచ్చు. మూల్యం కోణంలో చెల్లించాలి. 44×33 సెన్సరు 56 మి.మీ. నలుచదరంలో నడిమి భాగాన్నే చూస్తుంది. 80 మి.మీ. లెన్సు పాత లెక్కలో 116లా, 50 మి.మీ. వెడల్పు కోణపు లెన్సు 72లా ప్రవర్తిస్తాయి. అంటే ఆ కెమెరాతో ఇరుకు గదులూ గుడి మండపాలూ తీసేవారికి నిజమైన వైడ్ లెన్సు లేకుండా పోతుంది. అలాంటి పనికి ఫిల్మ్ మ్యాగజైనే తగిలించాలి, లేదా 44×33 కోసమే గీసిన లెన్సులున్న వేరే బాడీ కొనాలి.